గుహ గుమ్మానికి గడ్డి తాడు

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా వీధిలో ఎండ కాస్తున్న రోజున కూడా, కారులో ఉత్తరంగా రెండు గంటలు వెళితే డిసెంబరులో సూర్యుడు కనిపించడు. శాక్రమెంటో దాటగానే వరి పొలాలు మొదలవుతాయి. కోతలయ్యాక ఆ మళ్ళలో మళ్ళీ నీళ్ళు నింపుతారు. వాటి మీద పుట్టిన పొగమంచు నేలని అంటిపెట్టుకుని పది పదిహేను రోజులైనా కదలదు. అందులో మొదటిసారి కారు నడిపినప్పుడు ముందు బండి ఎర్రలైట్లే దిక్కనుకుని, అది ఎటు తిరిగితే అటు తిరిగి, చివరికి ఎవరిదో ఇంటి ముందు ఆగాను. ముందు బండాయన దిగి వచ్చి, మా ఇంట్లో మీకేం పని అని మర్యాదగానే అడిగాడు.

అక్కణ్ణుంచి దారి కనుక్కుని మేం వెళ్ళవలసిన ఇంటికి వెళ్ళేసరికి పదకొండయింది. వెళ్ళిన పని కమలాపళ్ళు కోసుకోవడం. నా భార్య ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పక్క బల్ల దగ్గర పదహారేళ్ళుగా పనిచేస్తున్న స్నేహితురాలు జపాను సంతతి మనిషి. ఇక్కడే పుట్టి పెరిగింది. "మా అమ్మ తోటలో పళ్ళు రాలిపోతున్నాయి, వచ్చి కోసుకెళ్ళండి" అని ఏటా పిలిచేది, మేం ఏటా వాయిదా వేసేవాళ్ళం. ఆ ఏడు మాత్రం ఇంకో మాట చేర్చింది. "పళ్ళతోపాటు మా గుడి కూడా చూసి వెళ్ళండి. వచ్చే ఏటికి ఉండకపోవచ్చు."

ఆమె తల్లికి ఎనభై ఆరేళ్ళు. తోట పక్కన చెక్క ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మా ఆవిడ ఆమెని చూడకముందే మామ్మగారు అనడం మొదలుపెట్టింది.

"నీకు అరవై. ఆవిడ నీకు మామ్మెలా అవుతుంది?" అన్నాను కారులో.

"మీ పక్కన నిలబడితే నేను ఎవరికైనా మనవరాల్లాగే ఉంటాను లెండి. ముందు రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యండి."

ఆ పేరే ఖాయమయింది. మామ్మగారు మాతో మాట్లాడింది ఇంగ్లీషే. నాకు మాత్రం అంతా తెలుగులోనే గుర్తుండిపోయింది.

ఇంటి వెనక తోట, తోట వెనక కొండ. ఓక్ చెట్ల మధ్య నల్లరాయి చీలి గుహలా ఏర్పడింది. మనిషి ఎత్తు ఉంటుంది. నాలుగడుగులు వేస్తే వెనక గోడ తగులుతుంది. పైనుంచి నీటిబొట్లు పడుతుంటాయి. లోపల సిమెంటు దిమ్మ, దాని మీద చెక్క పెట్టె, అందులో అరచేయంత గుండ్రటి కంచు అద్దం. విగ్రహం లేదు. వరి పొలాల్లో కూలికి వచ్చిన మామ్మగారి తాత, తన ఊరి దగ్గరి గుహ గుడి గుర్తొచ్చి ఆ అద్దం తెప్పించి పెట్టాడట. గుహ గుమ్మానికి అడ్డంగా గడ్డి తాడు కట్టి ఉంది. మధ్యమధ్య తెల్లకాగితం మడతలు వేలాడుతున్నాయి. ఏడాదిపాటు ఎండకీ వానకీ చివికి, ఒకచోట ఆ తాడు నాలుగైదు పోచల మీద నిలబడి ఉంది.

మా ఆవిడ చెప్పులు విప్పింది. రాళ్ళు చల్లగా ఉంటాయి, అక్కర్లేదంది మామ్మగారు. "పర్లేదండీ, మాకు అలవాటే" అని ఈవిడ వినలేదు. కొండలో గుహకి ప్రదక్షిణ చేసే వీలు లేదు కాబట్టి ఉన్నచోటే మూడుసార్లు తన చుట్టూ తాను తిరిగింది. మామ్మగారు దాన్ని శ్రద్ధగా చూసి, తను రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగింది.

"చప్పట్లు ఎందుకండీ?"

"మనం వచ్చినట్టు తెలియాలిగా."

"మా గుళ్ళో దానికి గంట ఉంటుంది," అంది మా ఆవిడ తృప్తిగా, లెక్క సరిపోయినట్టు.

అక్కడే నిలబడి మామ్మగారు ఆ కథ చెప్పింది. జపాను వాళ్ళకి సూర్యుడు ఆడదేవత. ఆమె తమ్ముడు పరమ అల్లరివాడు. అక్క పొలాల గట్లు తెంచాడు, నీళ్ళు పారే బోదెలు పూడ్చాడు. అక్కడ మా ఆవిడ ఆపింది.

"గట్లు తెంచాడా? నాట్లేసిన చేలో?"

"నాట్లేసిన చేలోనే."

"అయితే తప్పే మరి. దానికి మా ఊళ్ళో తలకాయలు పగిలేవి."

మామ్మగారు మొదటిసారి నవ్వింది. ఆ దేవతకి కోపమూ భయమూ కలిగి గుహలోకి వెళ్ళి బండ మూసేసుకుంది. లోకమంతా చీకటి. దేవతలంతా గుహ ముందు చేరి ఆటా పాటా పెట్టి పగలబడి నవ్వారు. నేను లేకుండా వీళ్ళకింత సంబరమేమిటని ఆమె బండని కొద్దిగా జరిపింది. ఎదురుగా పెట్టిన అద్దంలో తన వెలుగే తనకి కనిపించింది. ఆశ్చర్యపోయి చూస్తుండగా ఒకడు చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఇంకొకడు చప్పున ఆమె వెనక గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, "ఇక దీన్ని దాటి లోపలికి పోకూడదు" అన్నాడు.

ఈ తాడు మనుషుల్ని ఆపడానికి అనుకున్నాను నేను. అది ఆమెని మళ్ళీ లోపలికి పోనివ్వకుండా కట్టింది.

ఏటా డిసెంబరు ఆఖరులో పాతది తీసి కొత్తది కడతారు. పక్క పొలం రైతు మిషను కోతకి ముందు ఒక మూల వీళ్ళకోసం వదిలేస్తాడు. దాన్ని కొడవలితో కోసి, గ్యారేజీలో వేలాడదీసి ఆరబెడతారు. ముందు తాత, తర్వాత తండ్రి, అరవై ఏళ్ళుగా మామ్మగారు పేనారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడి జపాను వాళ్ళందర్నీ అమెరికా ప్రభుత్వం నిర్బంధ క్యాంపులకి తోలినప్పుడు, ఆ మూడేళ్ళూ తప్ప గుమ్మం తాడు లేకుండా లేదు. తిరిగొచ్చిన రోజున, సామాను దించకముందే తండ్రి గడ్డికోసం వెళ్ళాడని ఆమెకి గుర్తు. ఇప్పుడు ఆమె వేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. పిడికిలి మూసుకోవు. కూతురు తల్లిలాగే పేనబోయి రెండేళ్ళు ప్రయత్నించిందిగానీ, ఆమె చేతిలో గడ్డి గడ్డిగానే ఉండిపోయింది. ఆఖరికి ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ తాడొకటి ఆర్డర్ చేసింది. దాని పెట్టె వంటింటి బల్ల మీద తెరవకుండా ఉంది.

"అది చెత్తకాదు, మంచిదే," అంది మామ్మగారు, కూతురు మనసు నొప్పించకుండా. "దాన్ని కట్టేకంటే అద్దం దించి ఇంట్లో పెట్టుకుంటాను. నాకు తేలికే."

తేలికే అన్న మాట రెండోసారి కూడా అంది. ఏ మాటైనా రెండోసారి చెప్పారంటే అక్కడ ఆగి వినాలని పాతికేళ్ళ విలేకరి పని నేర్పింది.

నేను వింటుండగానే మా ఆవిడ గ్యారేజీ వైపు నడిచింది. గడ్డి మోపు ముందు నిలబడి ఒక పోచ తీసి, వంచి, వాసన చూసింది. కృష్ణా డెల్టాలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. "ఇదేముందండీ, గడ్డి వెంటే కదా! మా నాన్నతో కూర్చుని ఎన్ని పేనానో. నీళ్ళివ్వండి, తడపాలి."

మా వైపు గడ్డి తాడుని వెంటి అంటారు. గడ్డి తడిపి, సుత్తితో మెత్తబడేలా కొట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి పేనడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళయింది చేసి. పావుగంట చేతులు తడబడ్డాయి, తర్వాత వాటంతటవే నడిచాయి. మామ్మగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదట్లో ఏదో చెప్పబోయినట్టు ముందుకు వంగింది. తర్వాత వెనక్కి వాలింది. టీ ఇచ్చింది, పళ్ళు వలిచి ఇచ్చింది, "ఎంత నున్నగా వస్తోంది" అంది. సాయంత్రానికి పన్నెండడుగుల తాడు తయారయింది. మామ్మగారు లేచి, వంగి దండం పెట్టి, దాన్ని చుట్టగా చుట్టి అలమారలో పెట్టింది. "మంచిరోజు చూసి కడతాను," అంది.

కారు దగ్గరికి పళ్ళ సంచులు మోసుకొచ్చిన కూతురు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎలా చెప్పాలో తెలియట్లేదు. అమ్మ ఆ తాడు కట్టదు."

"ఏం? సరిగ్గా రాలేదా?"

"చాలా బాగా వచ్చింది. కానీ అది కుడి పురి. పశువుల్ని, మూటల్ని కట్టే తాడు కుడికి పేనుతారు. దేవుడి తాడు ఎడమకే పేనాలి. మీరంత ఇష్టంగా పేనుతుంటే అమ్మ నోరు విప్పలేకపోయింది. నాకు మీరెళ్ళేదాకా ధైర్యం రాలేదు."

మా ఆవిడ పళ్ళ సంచులు అందుకుని డిక్కీలో సర్దింది. చీకటి పడ్డాక పొగమంచు దాటి దీపాలు కనబడే రోడ్డు మీదికి వచ్చాం. అప్పుడు ఒక్కటే మాట అంది.

"ఎడమ పురి పాడెకండీ."

నాకు తెలియదు. నేను టౌనులో పెరిగాను. వాళ్ళ ఊళ్ళో ఎడమకి పేనిన తాడు శవాన్ని పాడెకి కట్టడానికే. పిల్లలెవరైనా తెలియక ఎడమకి పేనితే వాళ్ళ నాన్న చేతిమీద ఒక్కటి వేసి విప్పించేవాడట. "దేవుడి గుమ్మానికి పాడె తాడు నా చేత్తో పేనమంటే ఎట్లాగండీ?"

అయినా ఆదివారం హాల్లో కూర్చుని పాత చున్నీ చీల్చి ఎడమకి పేనడం మొదలుపెట్టింది. నాలుగు మెలికలయ్యేసరికి చేతులు కుడికి తిరిగేవి. విప్పేది, మళ్ళీ మొదలుపెట్టేది.

"చెయ్యి పోవట్లేదు. మనసూ పోవట్లేదు."

"మనవల్ల కాదని చెప్పేద్దాం. ఆవిడేమీ అనుకోదు."

"అనుకోదు. అద్దం దించేస్తుంది."

మొదటిరోజు తేలికే అని రెండుసార్లన్న మనిషి మా ఇద్దరి మధ్య కూర్చున్నట్టుగా వారం గడిచింది. గురువారం వంటింట్లోంచి కేక వినిపించి, ఏ వేలు కాలిందో అని పరుగెత్తాను. చేతిలో గరిటె, మూకుట్లో తాలింపు మాడుతోంది.

"ఏమండీ, లావు వెంటి ఇద్దరు పేనేవాళ్ళు!"

స్టవ్ ఆపి విన్నాను. ధాన్యం నిలవ చేసే గడ్డి గాదె కట్టడానికి లావుపాటి వెంటి కావాలి. దాన్ని ఒకరి చేతుల్లో పేనడం కుదరదు. ఒకరు కూర్చుని గడ్డి అందిస్తుంటే, ఇంకొకరు దాని కొస వంకీ కర్రకి తగిలించి తిప్పుకుంటూ వెనక్కి నడుస్తారు.

"అందించేవాళ్ళకి పురితో పనిలేదు. ఎటు తిప్పితే అటు. పురి తిప్పేవాళ్ళది."

"అయితే తిప్పేది నేనా?"

"మీరా? మీరు స్క్రూ బిగించమంటే ఊడదీస్తారు. ఆవిడే తిప్పాలి. ఆవిడ దేవత, ఆవిడ పురి. నేను గడ్డి అందిస్తాను, అంతే. గడ్డికి కుడీ ఎడమా ఏముంది?"

డిసెంబరు ముప్ఫయ్యో తేదీన మళ్ళీ వెళ్ళాం. మంచు ఇంకా దట్టంగా ఉంది. గేటు దగ్గర నుంచి ఇల్లు కనిపించలేదు. కుడి ఎడమల సంగతి మా ఆవిడ ఎత్తలేదు. "మొన్నటి తాడు నాకే నచ్చలేదండీ, పలచగా ఉంది. ఈసారి లావుగా మా పద్ధతిలో చేద్దాం. మీరు తిప్పాలి," అంది. మామ్మగారు కూతురి వంక చూసింది. కూతురు తన చేతిలో ఉన్న కమలాపండుని, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టుగా పరీక్షించింది.

"నా చేతులు పట్టవు," అంది మామ్మగారు.

"కర్ర పట్టక్కర్లేదు. గుండ్రంగా తిరిగేది ఏదైనా ఉంటే చాలు."

మామ్మగారు గ్యారేజీలోకి వెళ్ళింది. పోయిన భర్త పనిముట్ల గోడ మీద నుంచి వడ్రంగులు కన్నాలు వెయ్యడానికి వాడే చేతి బరమా దించమని నాకు చూపించింది. ఒక కొసన గుండ్రటి చెక్క పిడి, మధ్యలో వంపు, ఆ వంపుని పట్టుకుని తిప్పితే రెండో కొస తిరుగుతుంది. ఆ కొసకి కూతురు కొక్కెం బిగించింది. పిడిని పొట్టకి ఆనించుకుని, వంపుని అరచేతితో నెడితే చాలు. మామ్మగారు గాలిలో రెండుమూడుసార్లు తిప్పి చూసింది. స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంది.

గ్యారేజీలో చోటు చాలక వాకిట్లోకి వచ్చాం. మా ఆవిడ ముక్కాలిపీట వేసుకుని పక్కన తడి గడ్డి పెట్టుకుని కూర్చుంది. మొదటి గుప్పెడు కొక్కేనికి తగిలించింది. మామ్మగారు తిప్పడం మొదలుపెట్టింది. పేట పేనేటప్పుడు ఒకవైపు, పేటలు కలిపేటప్పుడు ఇంకోవైపు తిప్పాలి. ఆ లెక్కంతా ఆమెదే. పైకి కనబడే పురి ఎడమకి రావాలి, అంతే. ఆమె వెనక్కి నడుస్తూ తిప్పుతుంటే, పడిపోకుండా నేను ఆమె వెనక వెనక్కి నడుస్తూ, వీపుకి అరచెయ్యి ఆనించి ఉంచాను. ఆ రోజు నాకిచ్చిన ఉద్యోగం అదొక్కటే.

పదడుగులు వెళ్ళేసరికి మా ఆవిడ మసకబారింది. పదిహేనడుగుల దగ్గర మాయమైంది. తాడు మా దగ్గర నుంచి బయల్దేరి మంచులోకి పోయి ఎక్కడికో వెళుతోంది. అటువైపు నుంచి గొంతొకటే వస్తోంది.

"స్లో, స్లో! మామ్మగారూ, గడ్డి అందట్లేదు, స్లోగా!"

కంగారులో ఆ పిలుపు తెలుగులోనే వచ్చేసింది.

"యెస్," అంది మామ్మగారు, తనని ఎప్పుడూ అలాగే పిలుస్తున్నట్టు.

రెండో పేట సగంలో ఉండగా ఆమె మణికట్టు లొంగిపోయింది. బరమా జారి గిర్రున వెనక్కి తిరిగింది. తాడు వదులై కిందికి వాలింది. వేసిన పురిలో సగం విచ్చిపోయింది. ఆమె కళ్ళు మూసుకుని చేతిని చంకలో దాచుకుంది. నా అరచేతి కింద ఆమె ఊపిరి తెలుస్తోంది.

"ఏమైంది?" మంచులోంచి గొంతు.

నేను బరమా అందుకోబోయాను. మామ్మగారు ఇవ్వలేదు.

"మిగతాది నేను తిప్పుతాను. ఎటు తిప్పాలో చెప్పండి," అన్నాను.

"చెప్పడం తేలికే," అంది.

అంతకుముందు ఆమె నోట విన్న ఆ మాట వేరు, ఇది వేరు. కూతురు పరుగున వచ్చింది, తల్లి మొహం చూసి దూరంగానే ఆగిపోయింది. కాసేపటికి మామ్మగారు పిడిని మళ్ళీ పొట్టకి ఆనించుకుంది. ఈసారి అరచేతితో కాక మోచేతి కింది భాగంతో వంపుని నెట్టింది. సగం చుట్టు ముంజేతితో, సగం చుట్టు నడుముతో. ఒక్కో చుట్టుకి ఒక్కో నిట్టూర్పు. తాడు మెల్లగా బిగిసి నేల మీద నుంచి లేచింది. దాని బిగువు అటువైపు చేతికి తెలిసినట్టుంది. "ఆ, వచ్చింది, వచ్చింది!" అన్న కేక వినిపించింది. అరచెయ్యి తీయకుండా నేను ఒక్కో అడుగే వెనక్కి వేశాను.

మధ్యాహ్నం రెండు దాటాక మూడు పేటలూ కలిపి తాడు పూర్తయింది. ఒక చివర లావు, ఒక చివర సన్నం. మధ్యలో మణికట్టు జారిన చోట కొద్దిగా గుల్లగా ఉంది. మామ్మగారు కళ్ళతో కాక చెంపతో దాన్ని పరీక్షించింది. గుల్లగా ఉన్న చోట ఆగి, నవ్వి, ముందుకి పోయింది.

నలుగురం కొండెక్కాం. పాత తాడు ముట్టుకోగానే తెగి చేతిలోకి వచ్చింది. కూతురూ నేనూ చెరో రాయి ఎక్కి కొత్తదాని కొసలు మేకులకి కట్టాం. కాగితం మడతలు మా ఆవిడ వేలాడదీసింది. అన్నీ అయ్యాక మామ్మగారు రెండుసార్లు వంగింది. చప్పట్లు కొట్టబోతే చేతులు కలవలేదు, ముంజేతులే మెత్తగా తగిలాయి. మా ఆవిడ తను రెండు చప్పట్లు గట్టిగా కొట్టింది. మామ్మగారు అద్దం వైపు తిరిగి జపానుభాషలో ఏదో చెప్పింది. చిన్న వాక్యాలు నాలుగైదు, ఇంటికి ఫోను చేసి విశేషాలు చెబుతున్న ధోరణిలో.

"ఏమంటున్నారు?" అని కూతుర్ని మెల్లగా అడిగింది మా ఆవిడ.

కూతురు ముక్కు తుడుచుకుంది.

"ఈ ఏడు కాస్త లావుగా ఉంది, ఏమీ అనుకోవద్దు అంటోంది. గడ్డి అందించింది వేరే దేశం పిల్ల అంటోంది." ఆగి, తల్లి చెప్పిన చివరి మాటని ముందు జపానుభాషలో తనలో తాను అనుకుని, తర్వాత మాకు చెప్పింది. "పేనింది నేనే అంటోంది."

మామ్మగారు ఇంకా అటే చూస్తోంది. ఆమె స్వెట్టరు నిండా గడ్డి నలుసులు. మా ఆవిడ వెనక నిలబడి వాటిని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఆమె కదలకుండా ఏరనిచ్చింది.